బెర్లిన్ వీధుల్లో బేగంబజారు బిడ్డ

చేర్యాల మసీదులో జుమా నమాజు చేసుకుని కొమురవెల్లికి వచ్చేసరికి మా బావ గాజుల దుకాణం ముందు ముఖం ముడుచుకుని కూర్చుని ఉన్నారు. మల్లన్న జాతర రోజులు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం ఇక్కడ కాలు పెట్టే సందు ఉండదు. శుక్రవారం మాత్రం బేరం పలచగానే ఉంటుంది. ఆయన కోపం బేరం గురించి కాదు, చేతిలో ఉన్న సెల్‌ఫోన్ గురించి.

పోయిన అక్టోబరులో ఆయన పెద్ద కొడుకు, అంటే మా మేనల్లుడు, పై చదువుకు బెర్లిన్ వెళ్ళాడు. ఆ ఉదయం వాడు కొన్ని ఫొటోలు పంపాడు. నది మధ్యలో ఒక మ్యూజియం మెట్లు, ఒక సంగీతశాల ముందు స్నేహితులతో నిలబడ్డ ఫొటో, పాతకాలపు చర్చి ఒకటి. పుస్తకం చేతబట్టుకున్న ఫొటో ఒక్కటీ లేదు.

"చదువుకోమని పంపితే ఊరు చూసుకుంట తిరుగుతున్నడు. అర ఎకరం అమ్మింది ఈ బొమ్మలు చూడనీకా?" అన్నారు బావ.

ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. బెర్లిన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా కోర్సులకు బోధనా రుసుము లేదన్న మాట నిజమే. కానీ విద్యార్థి వీసా కావాలంటే ఏడాది ఖర్చు మొత్తాన్ని ముందే బ్యాంకులో జమచేసి చూపాలి. 2025లో ఆ మొత్తం 11,904 యూరోలు. గాజులు అమ్మి బతికే ఇంటికి అది ఎంత బరువో చెప్పనక్కరలేదు. భూమి పోయింది, బ్యాంకు అప్పు మిగిలింది. అక్కడ పిల్లవాడు గడిపే ప్రతి గంటా ఇక్కడ తండ్రికి రూపాయల్లోనే కనిపిస్తుంది.

భూమి మీద సంచరించి చూడమని ఖుర్‌ఆన్ పలుచోట్ల చెప్పింది కదా బావా అన్నాను. "అది వేరే తిరుగుడు" అని ఒక్క ముక్కలో తోసిపుచ్చారు. మా ఆపా చాయ్ తెచ్చింది. ఆ చాయ్ తాగుతూ నేను చెప్పుకొచ్చిన కథే ఇది. వంద సంవత్సరాల క్రితం అదే నగరానికి చదువుకోవడానికి వెళ్ళిన హైదరాబాదు బిడ్డ కథ. పిల్లల్ని విదేశాలకు పంపిన, పంపబోతున్న ఇతర కుటుంబాలకూ పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి బెర్లిన్ దాకా

డాక్టర్ జాకిర్ హుస్సేన్ పేరు వినని ఇల్లుండదు. 1967 నుంచి 1969 మేలో కన్నుమూసేవరకు ఆయన భారత రాష్ట్రపతి. ఆ పదవిని అలంకరించిన తొలి ముస్లిం. ఆయన పుట్టింది హైదరాబాదులో, బేగంబజారులో అన్న సంగతి మాత్రం మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. 1897 ఫిబ్రవరి 8న జన్మించారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ వకీలుగా పేరూ, ధనమూ సంపాదించారు. 1907లో ఆయన చనిపోవడంతో కుటుంబం సొంత ఊరైన కాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. కొన్నేళ్ళకే, 1911లో, ప్లేగు వ్యాధి తల్లినీ తీసుకుపోయింది. అంటే జాకిర్ సాహెబ్ పద్నాలుగేళ్ళకే తల్లీ తండ్రీ లేని పిల్లవాడు.

అలీగఢ్‌లో చదువుతుండగా 1920లో సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చింది. ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను విడిచిపెట్టమన్న గాంధీజీ, అలీ సోదరుల పిలుపుకు ఆయన స్పందించారు. అదే ఏడాది అక్టోబరు 29న అలీగఢ్‌లో ఏర్పడిన జామియా మిల్లియా ఇస్లామియాకు ఆయన తొలి నాటి నుంచీ అండ. అక్కడ రెండేళ్ళు పనిచేశాక 1922లో బెర్లిన్ బయల్దేరారు.

ఆ రోజుల్లో మన యువకులు పై చదువులకు లండనుకో, ఆక్స్‌ఫర్డుకో వెళ్ళేవారు. పాలకుల దేశంలో పాలకుల చదువు చదవడం ఇష్టంలేని వాళ్ళకు జర్మనీ మరో దారిగా కనిపించింది. అక్కడ విజ్ఞానం ఉంది, మనమీద పెత్తనం లేదు. ఔషధాల తయారీలో దేశానికి పేరు తెచ్చిన సిప్లా సంస్థను 1935లో బొంబాయిలో స్థాపించిన ఖ్వాజా అబ్దుల్ హమీద్ కూడా ఆ దశకంలోనే బెర్లిన్‌లో రసాయనశాస్త్రం చదివారు.

హైదరాబాదీలకు బెర్లిన్ మరీ పరాయిదేమీ కాదు. నిజాం కాలేజీ తొలినాళ్ళతో ముడిపడిన అఘోరనాథ్ ఛటోపాధ్యాయ గారి పిల్లల్లో సరోజినీ నాయుడు మనకు బాగా తెలుసు. ఆమె తమ్ముడు వీరేంద్రనాథ్ కూడా హైదరాబాదులో పుట్టినవాడే. బ్రిటిష్ ప్రభుత్వం కళ్ళుగప్పి బెర్లిన్ చేరి స్వాతంత్ర్య పోరాటం సాగించాడు. చెల్లెలు సుహాసినీ నంబియార్ కూడా ఆ కాలంలో అక్కడే ఉండేవారు. వారి ఇళ్ళు భారతీయ విద్యార్థులకు కూడళ్ళు. హైదరాబాదు నుంచి వెళ్ళిన హిందూ కుటుంబం, హైదరాబాదులో పుట్టిన ముస్లిం యువకుడు కలుసుకోవడానికి బెర్లిన్ వేదికైంది.

లక్షల కోట్ల కాలం

జాకిర్ హుస్సేన్ వెళ్ళేనాటికి జర్మనీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి, నడుం విరిగి ఉంది. మార్కు విలువ రోజురోజుకూ పడిపోతోంది. 1923 నవంబరు నాటికి ఒక డాలరు కొనాలంటే 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వాల్సి వచ్చింది. ఒక రొట్టె ధర 20 వేల కోట్ల మార్కులు. పొద్దున జీతం అందగానే అంగడికి పరుగెత్తకపోతే సాయంత్రానికి ఆ నోట్లు చిత్తుకాగితాలే. జీవితాంతం దాచుకున్న సొమ్ముతో ఒక పూట కూరగాయలు కూడా రాని ముసలివాళ్ళు ఎందరో.

ఇదే సమయంలో చేతిలో నాలుగు పౌండ్లున్న విదేశీ విద్యార్థికి అంతా చవకే. మంచి గది, మంచి భోజనం, నాటకశాలలో ముందు వరుస. జర్మన్లు ఆకలితో ఉంటే పరదేశీయులు సంగీత సభలకు వెళ్ళడం ఏం న్యాయమని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే. ఆ నవంబరులోనే కొత్త నాణెం వచ్చింది. ధరలు కుదుటపడ్డాయి. విదేశీయుల చవక రోజులు ముగిశాయి.

అప్పటి బెర్లిన్ విశ్వవిద్యాలయానికి ఫ్రెడరిక్ విల్హెల్మ్ పేరుండేది. 1949 నుంచి హంబోల్ట్ విశ్వవిద్యాలయం అంటున్నారు. అక్కడ ప్రసిద్ధ ఆర్థికవేత్త వెర్నర్ సోంబార్ట్ దగ్గర జాకిర్ హుస్సేన్ పరిశోధన చేశారు. అంశం బ్రిటిష్ ఇండియాలో వ్యవసాయ వ్యవస్థ. 1926లో డాక్టరేటు వచ్చింది. ఆ పరిశోధనా గ్రంథాన్ని ఇప్పుడు చదివేవాళ్ళు చాలా తక్కువ. దాని పక్కన, చదువు ఎగ్గొట్టి చేశాడని ఏ తండ్రి అయినా తిట్టదగ్గ ఇంకో పని ఉంది. అది ఈనాటికీ నిలిచి ఉంది.

అచ్చు అక్షరాలు పేర్చిన విద్యార్థి

బెర్లిన్‌లో ఇరానీయులు నడిపే కావియానీ అనే ముద్రణాలయం ఉండేది. పారశీక గ్రంథాలను అందంగా అచ్చువేయడంలో దానికి పేరు. జాకిర్ హుస్సేన్‌కు అక్కడ ఒక ఆలోచన వచ్చింది. గాలిబ్ కవితా సంపుటి 'దీవాన్'ను ఇక్కడే అచ్చువేయిస్తే?

ఆ కాలపు ఉర్దూ పుస్తకాల సంగతి పెద్దలకు తెలిసే ఉంటుంది. కాతిబు కూర్చుని చేత్తో రాయాలి, ఆ రాతను రాతిపలక మీదికి ఎక్కించి అచ్చు తీయాలి. మంచి కాతిబు దొరికితే పుస్తకం కళకళలాడేది. లేకపోతే పలచటి కాగితం, అలుక్కుపోయిన సిరా. ఉర్దూ ప్రజలు ప్రాణంగా చూసుకునే కవికి అంతకంటే మంచి గౌరవం జరగాలని ఈ యువకుడు కోరుకున్నాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే కంపోజింగు పని తానే నేర్చుకుని, పేజీలు తానే పేర్చాడు. 1925లో చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా ఆ 'దీవాన్' వెలువడింది. గాలిబ్ ప్రతుల్లో బెర్లిన్ ప్రతి అంటే ఇప్పటికీ సాహిత్యాభిమానులకు ప్రత్యేకమైన మక్కువ.

ఇక్కడ బావ నన్ను ఆపారు. "డాక్టరేటు చేయనీకి పోయినాయన ప్రెస్సుల కూలిపని చేసిండా?" అన్నారు. అవును, కాదు రెండూ అనవచ్చు. విశ్వవిద్యాలయం ఆయనను ముద్రణాలయానికి పంపలేదు. ఆ పని చేసినందుకు ఒక్క మార్కూ కలపలేదు. కానీ చేతులతో పని నేర్చుకోకుండా చదువు పూర్తికాదన్న మాటను ఆయన తర్వాత దేశమంతటికీ చెప్పారు. అప్పట్లో జర్మనీలో గియోర్గ్ కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త బడిలో చేతిపనికి పెద్దపీట వేయాలని వాదించి మ్యూనిక్ నగరంలో ఆచరణలో పెట్టి చూపాడు. ఆ భావాల ప్రభావం జాకిర్ హుస్సేన్ మీద గాఢంగా పడింది. 1937లో వార్ధాలో గాంధీజీ విద్యా మహాసభ జరిపి, చేతిపని కేంద్రంగా సాగే ప్రాథమిక విద్యకు ప్రణాళిక వేయడానికి సంఘాన్ని నియమించినప్పుడు దాని అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఈ కంపోజిటరే.

బెర్లిన్‌లో ఉండగానే ఒక జర్మన్ మిత్రుడితో కలిసి 1924లో గాంధీజీ సందేశాన్ని జర్మన్ భాషలో పుస్తకంగా తెచ్చారు. అంటే అక్కడివాళ్ళ సంగతులు చూడటమే కాదు, మన సంగతులు వాళ్ళకు చెప్పారు. ఇది నాకు చాలా నచ్చిన విషయం. మనవాళ్ళు పరాయి నగరానికి వెళ్ళి చూసివస్తారు గానీ, ఇంటి గురించి అడిగితే నీళ్ళు నములుతారు.

ఆపాజాన్

ఆయనతోపాటు బెర్లిన్‌లో మరో ఇద్దరు కుదిరారు. ఒకరు ఆబిద్ హుస్సేన్, విద్యాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నారు. జర్మన్ మహాకవి గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకాన్ని తర్వాత ఉర్దూలోకి తెచ్చింది ఆయనే. రెండో వ్యక్తి మొహమ్మద్ ముజీబ్, ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి ముద్రణ కళ నేర్చుకోవడానికి బెర్లిన్ వచ్చారు.

సుహాసినీ నంబియార్ పరిచయాల ద్వారా ఈ ముగ్గురికీ గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు యువతి స్నేహితురాలైంది. 1895లో పుట్టిన గెర్డా సంగీతం నేర్చుకున్న మనిషి. చిన్నపిల్లల చదువంటే ప్రాణం. నాటకశాలలు, సంగీత సభలు, చిత్రశాలలు ఉన్న బెర్లిన్ ఆమెకు సొంత పెరడు లాంటిది. ఆ పెరట్లోకి ఈ ముగ్గురికీ దారి చూపింది. వారి మాటల్లో జామియా గురించి విని, చూడని ఆ బడిని మనసులో పెట్టుకుంది.

ఇంతలో ఇక్కడ జామియా పరిస్థితి దిగజారింది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయింది. ఖిలాఫత్ ఉద్యమంతోపాటు దాని నిధులూ ఆగిపోయాయి. జామియాను మూసేద్దామన్న మాట వచ్చింది. ఆ వార్త బెర్లిన్ చేరగానే తాము వచ్చి పనిచేస్తామని, అప్పటివరకు మూయవద్దని ఈ మిత్రులు కబురు పంపారు. 1925లో హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ యూరప్ వచ్చినప్పుడు వియన్నాలో కలిసి అదే మాట మళ్ళీ చెప్పారు. 1926 ఫిబ్రవరిలో ముగ్గురూ కలిసి స్వదేశం చేరారు. 29 ఏళ్ళ వయసులో జాకిర్ హుస్సేన్ జామియా ఉపకులపతి అయ్యారు.

జర్మన్ డాక్టరేటుకు బయట మంచి జీతమే దొరికేది. 1928లో వీరూ, మరికొందరు సహచరులూ ఇరవై ఏళ్ళపాటు నెలకు 150 రూపాయలకు మించకుండా జీతం తీసుకుని జామియాలోనే పనిచేస్తామని ప్రతిజ్ఞ పట్టారు. జాకిర్ హుస్సేన్ 1948 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. తర్వాత ముజీబ్ సాహెబ్ 1973 దాకా ఉన్నారు. ఒక నగరంలో కుదిరిన స్నేహం ఒక విద్యాలయాన్ని దాదాపు అర్ధశతాబ్దం మోసిందన్నమాట.

గెర్డా మాటేమిటి? జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చే రోజులు దగ్గరపడుతుండగా, 1932 చివరలో ఆమె భారతదేశానికి బయల్దేరింది. నేరుగా జామియాకు వచ్చింది. చిన్నపిల్లల తరగతులు, వారి వసతిగృహం చూసుకుంది. మా ఇంట్లో మా అక్కను పిలిచినట్టే జామియా పిల్లలు ఆమెను 'ఆపాజాన్' అని పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే, హిట్లర్ భయంతో దేశం విడిచిన ఈ యూదు స్త్రీని బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశస్థురాలని కొంతకాలం నిర్బంధించింది. విడుదలై మళ్ళీ పిల్లల దగ్గరికే వచ్చింది. 1943లో క్యాన్సర్‌తో మరణించింది. జామియా ఖబ్రస్తాన్‌లోనే ఆమె సమాధి ఉంది. అక్కడి పిల్లల సంరక్షణ కేంద్రానికి ఆమె పేరు పెట్టారు.

ఇది వినగానే మా ఆపా "ఆ పిల్లకు ఇక్కడ ఎవరున్నరని వచ్చింది?" అంది. బావ ఏమీ అనలేదు.

గ్రంథాలయంలో మరో హైదరాబాదీ

మ్యూజియం, సంగీతం సరే, దీన్‌కు సంబంధించింది ఏమైనా ఉందా అని అడిగేవారికి ఇంకో పేరు చెప్పాలి. డాక్టర్ మొహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్‌లోనూ, పారిస్‌లోనూ డాక్టరేట్లు పొందిన పండితుడు. ఈయన యూరప్‌లో చూసినవి ఎక్కువగా గ్రంథాలయాలు. బెర్లిన్ రాజ గ్రంథాలయం సేకరించిన అరబీ రాతప్రతుల జాబితాయే పది పెద్ద సంపుటాలు. 1887 నుంచి 1899 వరకు అల్‌వార్ట్ అనే పండితుడు తయారుచేశాడు. ఈ సంపదలో కొంత మన దేశం నుంచి పోయిందే. ఢిల్లీ కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసిన స్ప్రెంగర్ ఇక్కడ పోగుచేసుకున్న రాతప్రతులను 1857 ప్రాంతంలో బెర్లిన్‌కు అమ్మాడు.

అదే గ్రంథాలయంలో హమీదుల్లా సాహెబ్ కంట ఒక అమూల్యమైన రాతప్రతి పడింది. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ నమోదుచేసిన హదీసుల సంకలనం, 'సహీఫా' అది. హదీసులు మనకు అందిన తొలి లిఖిత సంకలనాల్లో ఒకటి. డమాస్కస్‌లో దొరికిన మరో ప్రతితో సరిపోల్చి 1953లో ఆయన దాన్ని ప్రచురించారు. హదీసులను మొదట్లో రాసిపెట్టలేదు, చాలా ఆలస్యంగా పుట్టాయి అన్న విమర్శకు అది గట్టి సమాధానమైంది. 1948 తర్వాత ఆయన హైదరాబాదు తిరిగి రాలేదు. దశాబ్దాలు పారిస్‌లోనే నిరాడంబరంగా గడిపి, ఖుర్‌ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు.

జాకిర్ హుస్సేన్ విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే, 1924లో, బెర్లిన్ గ్రంథాలయంలోని జహంగీర్ చిత్రాల సంపుటం మీద జర్మన్ పండితులు పెద్ద పుస్తకం తెచ్చారు. మొగల్ చక్రవర్తి ముచ్చటపడి అతికించుకున్న చిత్రాలు, నగిషీ రాతలు ఇరాన్ మీదుగా అక్కడికి చేరాయి. మన తాతల కళ చూడాలంటే కూడా అంతదూరం పోవాల్సి రావడం బాధే. పోయినవాడు చూడకుండా రావడం ఇంకా పెద్ద బాధ.

ఇప్పుడు వెళ్ళిన పిల్లవాడికి

చాయ్ చల్లారిపోయింది. మేనల్లుడికే ఫోన్ కలిపాం. వాడు భయంభయంగా సలాం చెప్పాడు. మ్యూజియంలో ఏం చూశావని నేను అడిగితే చెప్పుకొచ్చాడు.

బెర్లిన్‌లో ఇస్లామీ కళల విభాగం 1904లో మొదలైంది. దాని తలమానికం మ్షత్తా కోట ముఖభాగం. ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో, అంటే ఎనిమిదో శతాబ్దంలో, ఇప్పటి జోర్డాన్ ఎడారిలో కట్టిన రాజభవనం అది. ద్రాక్షతీగలు, పక్షులు, సింహాలు చెక్కిన ఆ రాతిగోడను 1903లో ఉస్మానీ సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ జర్మన్ చక్రవర్తికి కానుకగా ఇచ్చేశాడు. సుల్తాన్ ఇవ్వడమేమిటి, కైజర్ తీసుకోవడమేమిటి అని ఇప్పుడు అనుకుని లాభం లేదు. తర్వాత దాన్ని పెర్గమాన్ మ్యూజియంలో పెట్టారు. మరమ్మతుల కోసం 2023 అక్టోబరులో ఆ మ్యూజియాన్ని పూర్తిగా మూసివేశారు, ఇస్లామీ కళలుండే ఉత్తర భాగాన్ని 2027లో తెరవాలన్నది ప్రణాళిక. వాడు పంపిన ఫొటోలోని మెట్లు ఆ పక్క మ్యూజియానివట. అంతదూరం పోయి మ్షత్తా చూడలేకపోయానని వాడి దిగులు. దానికితోడు నెలకో ఆదివారం బెర్లిన్ మ్యూజియాలను ఉచితంగా తెరిచే పద్ధతి 2021లో మొదలై, డబ్బు లేక 2024 చివరికి ఆగిపోయింది. వాడు ఆలస్యంగా వెళ్ళాడు పాపం.

"జుమా ఎక్కడ చేస్తున్నవ్?" అన్నారు బావ. అదే ఆయన మొదటి ప్రశ్న.

కొలంబియాడమ్ వీధిలోని షహీద్లిక్ మసీదులో, ఇద్దరు టర్కీ స్నేహితులతో కలిసి అన్నాడు. ఆ మసీదు కథ కూడా పిల్లవాడే తెలుసుకున్నాడు. 1798లో ఉస్మానీ రాయబారి అలీ అజీజ్ ఎఫెందీ బెర్లిన్‌లో చనిపోతే ఖననానికి రాజు స్థలం ఇచ్చాడు. 1866లో ఆ సమాధులను ఇప్పుడున్న చోటికి మార్చారు. ఆ ఖబ్రస్తాన్ పక్కనే ఈమధ్య కాలంలో రెండు మినార్ల మసీదు వెలిసింది. 1961 నుంచి కూలిపనికి వచ్చిన టర్కీ కార్మికుల సంతానం ఇప్పుడు ఆ నగరానికి సొంత మనుషులు. హలాల్ భోజనానికి కరువు లేదు.

బెర్లిన్‌కు దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో వూన్స్‌డార్ఫ్ ఉంది, అక్కడికి తప్పక వెళ్ళమని నేను చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ ముస్లిం సైనికులను, భారతీయ సైనికులను అక్కడి శిబిరంలో ఉంచారు. వారిని తమవైపు తిప్పుకోవాలన్న ఎత్తుగడతో జర్మన్లు 1915లో చెక్కతో మసీదు కట్టించి ఇచ్చారు. జర్మన్ గడ్డమీద నమాజు కోసం కట్టిన తొలి మసీదు అదే. ఇప్పుడది లేదు. పక్కనున్న జెహ్రెన్స్‌డార్ఫ్‌లో మాత్రం ఇంటికి తిరిగిరాని 206 మంది భారతీయ సైనికుల స్మారకం ఉంది. హిందువులు, ముస్లిములు, సిక్కులు అందరూ ఒకేచోట. జర్మన్ పండితులు ఆ ఖైదీల చేత మాట్లాడించి, పాడించి గొంతులు పలకల మీద భద్రపరచారు. హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో అవి ఈనాటికీ ఉన్నాయి.

వాడు కాసేపు మౌనంగా ఉండి, "మామూ, ఒక సంగతి. ఇక్కడ నా రూములో ఉండే జర్మన్ పిల్లగాడు మీ ఊరు ఎట్లుంటదని అడిగిండు. మల్లన్న జాతర వీడియో చూపించిన. ఒగ్గు కథ చెప్పేటప్పుడు డోలు కొట్టేది చూసి వాడు వదల్లే. దాని అర్థమేంది, పట్నం వేసే రంగుల ముగ్గు ఏంది అని ఒకటే ప్రశ్నలు. చేర్యాల నకాషీ బొమ్మలు నెట్‌ల చూసి మీ ఇంటి దగ్గరనేనా అన్నడు. దగ్గరనే అన్న. నువ్వు చూసినవా అన్నడు. నేను ఎన్నడు పోలే మామూ. ఇన్నేండ్లు చేర్యాల మీదికెల్లే కాలేజీకి పోయిన" అన్నాడు.

పురాణ కథలను పొడవాటి బట్టమీద గీసి, ఊరూరా తిరిగి పాడి చెప్పేవారికి ఇచ్చే కళ అది. ఆ కొద్ది నకాషీ కుటుంబాల్లో దాన్ని చూసినవాళ్ళకంటే చూడని చేర్యాల చుట్టుపక్కలవాళ్ళే ఎక్కువ. నేను చూసింది కూడా నలభై దాటాకే, అదీ హైదరాబాదు నుంచి వచ్చిన మిత్రుడు లాక్కెళ్తే. ఆ సంగతి ఫోన్‌లో చెప్పలేదు.

ఉత్తరంలో ఒక చిన్న నకాషీ బొమ్మ పంపిస్తానన్నాను. "దానికి పైసలు ఎంతయితయో ముందు అడుగు" అన్నారు బావ. ఆయన గొంతులో పొద్దుటి కోపం లేదు.

చివరగా ఆ రోజు ఎక్కడ ఉన్నావని బావ అడిగారు. విశ్వవిద్యాలయం ఎదురుగా ఉన్న బేబెల్ మైదానంలో ఉన్నానన్నాడు. 1933 మే 10న నాజీలు అక్కడే పుస్తకాలు కుప్పపోసి తగులబెట్టారు. అంటే జాకిర్ హుస్సేన్ రోజూ నడిచి వెళ్ళిన వీధికి ఎదురుగానే, ఆయన వెళ్ళిన ఏడేళ్ళకు. 1995లో ఒక శిల్పి అక్కడ నేలకింద గది కట్టి, 20 వేల పుస్తకాలు పట్టే తెల్లటి అరలు పెట్టి, ఒక్క పుస్తకమూ పెట్టకుండా వదిలేశాడు. పైన గాజు పలక. నడిచేవాళ్ళు వంగి చూడాలి.

"ఖాళీ అల్మారలు చూడనీకి టికెట్ ఎంత?" అన్నారు బావ.

"టికెట్ లేదు అబ్బా. రోడ్డు మీదనే."

బావ దుకాణం ముందు నిలబడ్డ గిరాకీ వైపు తిరుగుతూ, "అయితే రాత్రి లైటు వేసినప్పుడు కూడ ఒకసారి పోయి చూడు" అన్నారు.